చంటిబిడ్డకు ఆదాయ ధ్రువపత్రం ఎందుకు?



నాట్ల కాలంలో జూరాల ఎడమ కాల్వ కింది ఊళ్లు తెల్లవారకముందే లేస్తాయి. ఆత్మకూరు, అమరచింత, వాటి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు పది పన్నెండు మంది ఒక గుంపుగా కూడి, ఆటోలోనో ట్రాక్టర్ ట్రాలీలోనో ఎక్కి పొలాలకు పోతారు. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటారు. పొద్దుగూకేలోపు ఎంత నాటితే అంత కూలి. గుంపులో ఒక్కరు తగ్గినా మిగతావాళ్ల మీద భారం పడుతుంది, అందుకే పని మానడం అంత తేలిక కాదు. ఆ గుంపుల్లో పాలు తాగే బిడ్డల తల్లులు ఉంటారు. ఏడాది, రెండేళ్ల పిల్లల తల్లులు ఉంటారు. ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ పిల్లల గురించి. తల్లి బురదలో వంగి నాటు వేసే ఆ తొమ్మిది పది గంటలు వాళ్లు ఎవరి చేతిలో ఉంటున్నారు? పనికి పోయే తల్లుల పిల్లల కోసమే ప్రభుత్వం పెట్టిన శిశు సంరక్షణ కేంద్రాలు, మనం క్రెష్ అంటున్నవి, వాళ్లదాకా ఎందుకు చేరలేదు?

పిల్లలు ఎక్కడుంటారో మీకందరికీ తెలుసు. ఇంట్లో ముసలవ్వ ఉంటే ఆమె దగ్గర ఉంటారు. ఆ అవ్వకు కళ్లు సరిగా కనపడకపోవచ్చు, పరుగెత్తే పిల్లవాడి వెనక ఆమె పరుగెత్తలేకపోవచ్చు. అవ్వ లేకపోతే పొలం గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెడతారు. ఎండ తిరిగినప్పుడల్లా తల్లి మడిలోంచి లేచి వచ్చి ఉయ్యాల మార్చాలి. అదీ కుదరకపోతే తల్లి ఇంట్లోనే ఆగిపోతుంది. ఆ సీజను కూలి పోతుంది, ఆ కూలితో తీర్చుకోవాల్సిన చేబదులు అలాగే మిగిలిపోతుంది.

నాలుగో దారి ఇంకొకటి ఉంది. ఎనిమిదేళ్లదో పదేళ్లదో అక్క బడి మానేసి తమ్ముణ్ని చంకన వేసుకుంటుంది. నాట్లప్పుడు కొన్ని రోజులు, కలుపులప్పుడు కొన్ని రోజులు, పత్తి ఏరేటప్పుడు ఇంకొన్ని రోజులు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు పక్కన ఖాళీలు పెరుగుతాయి. ఒక ఏడాది పరీక్షల నాటికి ఆ పిల్ల బడికి రావడమే మానేస్తుంది. తెలంగాణ పల్లెల్లో ఎంవీ ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా గారు, ఆమెతో పనిచేసిన కార్యకర్తలు బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కించాలని పట్టుబట్టారు. తమ్ముణ్ని ఎత్తుకునే పిల్ల చేసేదీ పనే అని వాళ్లు చెప్పకపోతే, ఆ పనిని మనం పనిగా చూసేవాళ్లమే కాదు. 2003లో శాంతా సిన్హా గారికి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పిల్లల్ని బడికి పంపాలని చట్టాలు వచ్చాయి, సంతోషమే. కానీ చంకలోని తమ్ముడు ఎక్కడికి పోవాలో ఆ చట్టాలు గట్టిగా చెప్పలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి మొదలవుతుంది. మూడు నుంచి ఆరేళ్లవారి గురించి అందులో ఒక సెక్షన్ ఉంది గానీ, అది ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు అంటుందే తప్ప చేసి తీరాలి అనదు. మూడేళ్ల లోపు పిల్లల ఊసే లేదు.

ఇక ప్రభుత్వ పథకం సంగతికి వద్దాం. పనికి పోయే తల్లుల పిల్లలకు కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయడం 1975లోనే మొదలైంది. 2006 జనవరిలో పాత పథకాలను కలిపి రాజీవ్ గాంధీ పేరున జాతీయ క్రెష్ పథకం తెచ్చారు. అంతకుముందు నెలకు 1,800 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే అర్హత ఉండేది. 2006లో దాన్ని 12,000కు పెంచారు. తల్లిదండ్రులిద్దరి సంపాదన కలిపి చూసే లెక్క అది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే చిక్కుముడి ఉన్నది ఇక్కడే. ఒక కూలి కుటుంబాన్ని తీసుకోండి. భర్త నెలలో 25 రోజులు పని చేసి రోజుకు 400 తెచ్చాడనుకుందాం. పదివేలు. భార్య బిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉన్నంతకాలం ఆ కుటుంబం అర్హత గీత లోపలే ఉంటుంది. ఆమె 15 రోజులు 300 చొప్పున కైకిలికి పోయిందనుకోండి, ఇంకో 4,500 వచ్చి చేరుతుంది. మొత్తం 14,500. గీత దాటిపోయింది. అంటే బిడ్డను ఎక్కడ ఉంచాలన్న అవసరం ఏ రోజు పుట్టిందో, ఆ రోజే ఆ అవసరం తీర్చే అర్హత పోయింది. తల్లి పనికి పోవాలని పెట్టిన పథకంలో తల్లి సంపాదనే అడ్డుగోడ అయింది. ఒక మనిషి తన కాళ్ల మీద నిలబడటానికి సాయం చేస్తామని చెప్పి, నిలబడగానే ఆ సాయం తీసేయడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. 2006లో రాసిన ఆ 12,000 అంకె 2017లో పథకాన్ని మార్చినప్పుడు కూడా ఫీజు గీతగా అలాగే మిగిలింది. పేదరికపు గీత కింద ఉన్నవాళ్లు బిడ్డకు నెలకు 20 రూపాయలు, తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపి 12,000 లోపు ఉంటే 100, దాటితే 200 కట్టాలని పెట్టారు. ఆ పదకొండేళ్లలో బియ్యం ధర, పప్పు ధర, బస్సు చార్జీ ఎంత మారాయో వేరే చెప్పాలా? అర్హత గీతను ఒకసారి గీసి వదిలేస్తే, ధరలు పెరిగినకొద్దీ నిజమైన పేదలే ఒక్కొక్కరుగా గీత బయట పడుతుంటారు. వాళ్ల బతుకు ఏమీ బాగుపడదు, కాగితం మీద మాత్రం బాగుపడినట్టు కనిపిస్తుంది.

ఆదాయం సంగతి అలా ఉండగా, 2017 జనవరి నుంచి మరో షరతు ముందుకు వచ్చింది. తల్లి నెలకు కనీసం 15 రోజులు, లేదా ఏడాదికి ఆరు నెలలు పని చేస్తూ ఉండాలన్నారు. ఆఫీసులో కూర్చుని రాసినప్పుడు ఇది సబబుగానే తోచి ఉంటుంది. పనిచేసే తల్లుల కోసం పెట్టిన పథకం కాబట్టి పని చేస్తున్నట్టు చూపమన్నారు. అయితే ఎవరు చూపాలి? నాటు గుంపుకు మస్టరు లేదు. గుత్త మాట్లాడిన పెద్దక్క కాగితం మీద సంతకం పెట్టదు. రైతు పెట్టడు, ఆయనకు ఆ ఆడవాళ్ల పేర్లు కూడా తెలియవు. పత్తి ఏరినందుకు కిలో లెక్కన చేతికి డబ్బులిస్తారు, రశీదు ఇవ్వరు. అమరచింతలో మగ్గం మీద భర్త నేస్తుంటే ఇంట్లో కూర్చుని కండెలు చుట్టే ఆమెను ఎవరు పనిచేసే మనిషిగా రాస్తారు? ఆమెకు కూలి కూడా విడిగా రాదు, చీర ధరలోనే ఆమె చేతిపని కలిసిపోతుంది. మన దేశంలో పనిచేసే ఆడవాళ్లలో ఎక్కువమంది పని ఇలాగే ఉంటుంది. పని ఉంది, పనికి కాగితం లేదు.

మరీ ముఖ్యమైన సంగతి ఇంకొకటి. బిడ్డను పెట్టే చోటు దొరికితేనే ఆమె పనికి పోగలదు. పనికి పోతున్నట్టు చూపితేనే బిడ్డకు చోటు దొరికేది. ఈ రెండింట్లో ఏది ముందు? బిడ్డ పుట్టినప్పటి నుంచి ఇంట్లోనే ఆగిపోయిన తల్లి, మళ్లీ మడిలోకి దిగాలనుకున్న మొదటి రోజున ఏ ఆధారం చూపించగలదు?

ఇలాంటి చిక్కే 2005 ఉపాధి హామీ చట్టంలోనూ కనపడింది. పని చోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని అందులో రాశారు. చాలా మంచి మాట. చట్టం రాసినవాళ్లలో ఎవరో పల్లె తల్లి గురించి ఆలోచించారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ లెక్క పని చోటికి వచ్చిన పిల్లల మీద పెట్టారు. నీడ లేని కుంట పూడికతీతకు పసిబిడ్డను ఏ తల్లి తీసుకువస్తుంది? తీసుకురాదు. తీసుకురాదు గనుక ఐదుగురు లెక్కకు రారు. లెక్కకు రారు గనుక చూసుకునే మనిషిని పెట్టరు. చూసుకునే మనిషి లేదు గనుక మరుసటి రోజు కూడా ఎవరూ బిడ్డను తేరు. ఊళ్లో ఎంతమంది పసిపిల్లలు ఉన్నారో అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరులో పేర్లతో సహా ఉంటుంది. ఆ లెక్క తీసుకుని ముందుగానే ఏర్పాటు చేస్తే సరిపోయేది.

ఇందులో ఆత్మకూరుకు మరో ప్రత్యేక ఇబ్బంది ఉంది. 2016లో జిల్లాల విభజనతో ఆత్మకూరు పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. 2018లో ఆత్మకూరు, అమరచింత రెండూ మున్సిపాలిటీలు అయ్యాయి. ఒకప్పుడు సంస్థానానికి రాజధానిగా ఉన్న ఆత్మకూరు మున్సిపాలిటీ కావడం గౌరవమే. కానీ 2005 ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతాల కోసమే రాసినది. ఊరి బోర్డు మారింది, ఇళ్లు అవే, పొలాలు అవే, నాట్లకు పోయే గుంపులు అవే. ఉపాధి పని మాత్రం పోయింది, దానితోపాటే పని చోట బిడ్డను చూసుకునే మనిషి కావాలనే హక్కూ పోయింది. రేషన్ కార్డు అర్హతలో కూడా మన రాష్ట్రంలో పల్లెకు ఏడాదికి లక్షన్నర, పట్టణానికి రెండు లక్షలు అని వేర్వేరు గీతలు ఉన్నాయి. ఒక తల్లి ఏ హద్దు రాయికి ఏ పక్కన ఉంటుందో చూసి ఆమె బిడ్డకు ఏం దక్కాలో తేల్చే పద్ధతి మనది.

ఫ్యాక్టరీల సంగతి చూడండి. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట క్రెష్ ఉండాల్సి వచ్చేది. భవన నిర్మాణ కార్మికులకు 1996లో వచ్చిన చట్టంలో అది 50 మందికి మించిన మహిళలు. లెక్క ఆడవాళ్ల మీద పెడితే యజమానికి ఏమనిపిస్తుంది? ముప్పై ఒకటో ఆమెను పనిలో పెట్టుకుంటే ఖర్చు మీద పడుతుందనిపిస్తుంది. అంటే ఆ నిబంధన ఆడవాళ్లకు పని దొరకడానికే ఎదురు తిరిగింది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు ఈ తప్పు కొంత దిద్దారు. ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చన్నారు. బిడ్డ తల్లికే కాదు, తండ్రికి కూడా బిడ్డే అని చట్టం ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ సవరణే ఉద్యోగినులకు 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. మన నాటు గుంపులో పన్నెండు మందే ఉంటారు, వాళ్లకు సంస్థా లేదు, యజమానీ లేడు. ఆ చట్టం వాళ్ల మడిదాకా రాలేదు.

పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. ఆనకట్టలు, కాల్వలు, రోడ్లు, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు ఎక్కడ చూసినా మనవాళ్ల చెమట ఉంది. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆలుమగలు కలిసి వలస పోతారు. ఇప్పుడు నీళ్లు వచ్చిన చోట వలస తగ్గింది, నీళ్లు రాని మెట్ట ఊళ్లలో ఇంకా ఉంది. కురుమూర్తి జాతర దాటాక ఖాళీ అయ్యే ఇళ్లు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. పాలుతాగే బిడ్డ తల్లితోనే పోతుంది. ఆ బిడ్డ పేరు ఇక్కడి అంగన్‌వాడీలో ఉంటుంది, మనిషి మాత్రం ఇంకెక్కడో ఇసుక కుప్ప పక్కన ఉంటుంది. అక్కడ యాభై మందికి మించి ఆడవాళ్లు ఉండాలి అన్న 1996 చట్టం లెక్క ఎలా తేలేది? ఒకే కట్టడం మీద తాపీ పని ఒక కాంట్రాక్టరుది, సెంట్రింగ్ ఇంకొకరిది, మట్టి పని మరొకరిది. ఏ ఒక్కరి దగ్గరా యాభై మంది ఉండరు, అందరినీ కలిపితే ఉంటారు. ఢిల్లీలో 1969లో మీరా మహదేవన్ గారు కట్టడాల దగ్గర పిల్లలు దుమ్ములో పడి ఉండటం చూసి మొబైల్ క్రెషెస్ అనే సంస్థ మొదలుపెట్టారు. పని ఎక్కడికి పోతే క్రెష్ అక్కడికి పోవాలన్నది వాళ్ల పద్ధతి. మన దగ్గర నిర్మాణ ఖర్చు మీద కార్మికుల సంక్షేమానికని ఒక శాతం సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు ఆ కట్టడం ఎత్తిన చేతులదే. అందులోంచి ఆ పిల్లలకు నీడ, పాలు, చూసుకునే మనిషి ఏర్పాటు చేయడం కంటే మంచి ఖర్చు నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఒక మంచి వార్త. 2022లో కేంద్రం క్రెష్ పథకాన్ని మిషన్ శక్తిలో కలిపి దానికి పాల్నా అని పేరు పెట్టింది. అంగన్‌వాడీలోనే క్రెష్ కూడా నడపాలని, ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను చేర్చుకోవాలని, దేశమంతటా అలాంటివి 17,000 పెట్టాలని లక్ష్యం చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, తల్లి ఉద్యోగం చేస్తుందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా అందరు తల్లులకూ ఈ సౌకర్యం వర్తిస్తుందని చెప్పింది. 15 రోజుల పని, ఆరు నెలల పని అన్న షరతు పోయింది. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న మార్పు ఇది. ఈ నిర్ణయాన్ని నేను మనసారా స్వాగతిస్తున్నాను.

అయితే కాగితం మీది తలుపు తెరుచుకున్నప్పుడు లోపల గది ఉందా అని కూడా చూడాలి. పాత పథకం కింద ఒకప్పుడు 20 వేలకు పైగా క్రెష్‌లు నడిచాయి. 2017లో నిధుల పద్ధతి మారి, కేంద్రం 60 శాతం, రాష్ట్రం 30 శాతం, నడిపే సంస్థ 10 శాతం భరించాలన్న తర్వాత అవి వేగంగా మూతపడి ఏడు వేల లోపుకు వచ్చాయి. అర్హత నిబంధనతో సంబంధం లేకుండానే అన్ని వేల చోట్ల పిల్లలు అనర్హులయ్యారు. తాళం పడిన కేంద్రం ముందు ఏ ధ్రువపత్రమూ పనికిరాదు. పాల్నా లక్ష్యంగా పెట్టుకున్న 17,000 కేంద్రాలను దేశంలోని లక్షల పల్లెలతో, బస్తీలతో పోల్చి చూడండి. కేంద్రానికి 25 మంది పిల్లలు చొప్పున వేసుకున్నా నాలుగు లక్షల పాతిక వేల మంది.

చోటు తక్కువ, బిడ్డలు ఎక్కువ అయినప్పుడు మళ్లీ వడపోత మొదలవుతుంది. ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటారు, మీసేవ చుట్టూ, తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగమంటారు. ఒక రోజు తిరిగితే ఒక రోజు కూలి పోతుంది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు ఎవరినో ఒకరిని ముందు ఎంచుకోక తప్పదు, దాన్ని నేను కాదనను. కానీ ఎంచుకోవలసింది తల్లిని కాదు, ఊరిని. ఏ ఊళ్లో ఆడవాళ్లు ఎక్కువగా కైకిలికి పోతున్నారు, ఏ తండాలో, ఏ వాడలో మూడేళ్ల లోపు పిల్లలు ఎక్కువమంది ఉన్నారు, ఎక్కడ పోషణ తక్కువగా ఉంది అన్న లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఆ ఊళ్లో కేంద్రం పెట్టండి. పెట్టాక ఆ ఊరి బిడ్డ ఎవరు వచ్చినా చేర్చుకోండి. గడప దగ్గర ఎవరినీ ఏమీ అడగకండి.

అలా అయితే ఉన్నవాళ్ల పిల్లలూ వస్తారు కదా అని అడిగేవారు ఉంటారు. రానివ్వండి. రైతు బిడ్డ, కూలి బిడ్డ ఒకే చాప మీద పడుకుంటే కేంద్రంలో పాలు పలచబడినప్పుడు అడిగే గొంతులు పెరుగుతాయి. పేదలకే అని గీత గీసిన చోట నాణ్యత ఎలా పడిపోతుందో మనం చాలా పథకాల్లో చూశాం. అందరికీ అన్న పద్ధతి ఎలా నడుస్తుందో బస్సులో చూడండి. 2023 డిసెంబర్ నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు జీరో టికెట్ ఇస్తున్నారు. కండక్టరు ఎవరి ఆదాయం అడగడు. తెలంగాణ మహిళ అని తెలిస్తే చాలు. బస్సు ఎక్కడానికి సరిపోయిన రుజువు బిడ్డను ఊయలలో పడుకోబెట్టడానికి ఎందుకు సరిపోకూడదు?

ఆదాయం అడగవద్దన్నది కొత్తగా కనిపెట్టిన మాట కూడా కాదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబర్‌లోనే, అంగన్‌వాడీ సేవలకు పేదరికపు గీతను అర్హతగా వాడకూడదని ఆదేశించింది. అప్పటి నుంచి అంగన్‌వాడీలో ఏ బిడ్డనూ మీ నాన్న సంపాదన ఎంత అని అడగడం లేదు. దానివల్ల దేశం మునిగిపోలేదు. మన రాష్ట్రంలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తున్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటారు. అక్కడే వస్తుంది లోటు. ఆ పొడిని కలిపి, గోరువెచ్చగా, మెత్తగా చేసి, ఏడిపించకుండా రోజుకు కొన్నిసార్లు రెండు మూడు ముద్దలు తినిపించే మనిషి ఇంట్లో పగలు ఉండాలి కదా. తల్లి మడిలో ఉంది. తమ్ముణ్ని ఎత్తుకున్న అక్కకు ఎనిమిదేళ్లు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లలు నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరని తేలింది. గుడ్డు ఇచ్చినంత మాత్రాన గుడ్డు బిడ్డ కడుపులోకి చేరదు, మధ్యలో ఒక మనిషి చేయి కావాలి. ఆ చేయి పేరే క్రెష్. ఛత్తీస్‌గఢ్‌లో జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు ఊరి ఆడవాళ్లతోనే ఫుల్వారీలు నడిపించి, మూడేళ్ల లోపు పిల్లలకు పగలంతా అన్నం పెట్టి ఆడించే ఏర్పాటు చేసింది ఈ సంగతి గ్రహించే.

కృష్ణ దాటి కొంచెం పోతే రాయచూరు. కర్ణాటక ప్రభుత్వం 2023 బడ్జెట్‌లో 4,000 గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరుతో శిశు కేంద్రాలు ప్రకటించింది. కూసు అంటే పసిబిడ్డ. ఉపాధి కూలీల పిల్లల కోసం పంచాయతీయే కేంద్రం నడపాలి, ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి అందులో పెట్టాలి. మనకు అంత దగ్గరలో జరుగుతున్న పనిని మన అధికారులు, మన మున్సిపల్ కౌన్సిలర్లు ఒకసారి వెళ్లి చూసి రావాలి.

దూరదేశాల అనుభవం కూడా ఇదే చెబుతోంది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం 1997లో రోజుకు 5 డాలర్లకే ఏ కుటుంబం బిడ్డనైనా చేర్చుకునే కేంద్రాలు మొదలుపెట్టింది. చిన్నపిల్లల తల్లులు పెద్ద సంఖ్యలో పనిలోకి వచ్చారు. 2015లో ఆదాయాన్ని బట్టి ఫీజు పెట్టి, కొన్నేళ్లకే ఆ పద్ధతి మానుకుని మళ్లీ అందరికీ ఒకే ఫీజు చేశారు. అమెరికాలో ఆదాయ పరిమితి ఇప్పటికీ ఉంది, అయినా 2014లో చట్టం మార్చి, ఒకసారి అర్హత ఇచ్చాక కనీసం 12 నెలలు కొనసాగించాలన్నారు. మధ్యలో తల్లికి కొన్నాళ్లు పని లేకపోయినా బిడ్డను బయటకు పంపకూడదు. నన్ను అడిగితే పాలమూరు సీజను కూలీలకు అచ్చంగా సరిపోయే నిబంధన అది. నాట్లు అయిపోయాయి, కలుపులకు ఇంకా పదిరోజులుంది, ఆ పదిరోజులు బిడ్డను తీసేయమంటే ఎట్లా? పసివాడు ఒక మనిషికి, ఒక చోటుకు అలవాటు పడటానికే వారాలు పడుతుంది.

వేళల గురించి ఒక్క మాట. 2017 నిబంధనల్లో క్రెష్ రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు నడవాలని ఉంది. నాటు గుంపు ఆరుకో ఏడుకో ఆటో ఎక్కుతుంది. తొమ్మిది దాటాక తెరిచే కేంద్రం ఆ తల్లికి లేనట్టే లెక్క. వేళలు ఊరి పనిని బట్టి ఊరే పెట్టుకోవాలి. ఆ వేళకు వచ్చి తలుపు తీసే ఆడమనిషికి కూడా తగిన జీతం ఉండాలి. 2017లో క్రెష్ కార్యకర్తకు నెలకు 3,000, సహాయకురాలికి 1,500 అని రాశారు. ఒకరి బిడ్డలను సాకడానికి వచ్చిన తల్లికి తన బిడ్డను సాకలేనంత డబ్బు ఇవ్వడం తప్పు, అది ఏ ప్రభుత్వం చేసినా తప్పే. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పనికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లో ఊరికే జరిగిపోతుంది కాబట్టి బయట కూడా చవకగా జరగాలని మనం అనుకుంటున్నాం.

తల్లులకు, అవ్వలకు, అక్కచెల్లెళ్లకు నా విన్నపం ఇది. మీ వాడలో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో, అందులో మూడేళ్ల లోపు ఎంతమందో మీ మహిళా సంఘం పుస్తకంలో రాసుకోండి. పొద్దున ఎన్నింటికి పనికి పోతారో, ఎన్నింటికి తిరిగి వస్తారో కూడా రాయండి. మా అంగన్‌వాడీలో పాల్నా పథకం కింద క్రెష్ పెట్టండి, ఆదాయం కాగితం, పని కాగితం అడగకండి, మా వేళలకు నడపండి అని ఒక దరఖాస్తు రాయించండి. చదువుకున్న మీ పిల్లల చేతే రాయించవచ్చు. పది ఇరవై మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టి సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారి చేతికి ఇచ్చి రశీదు తీసుకోండి. అంగన్‌వాడీయే లేని వాడలో ఉన్నవాళ్లు ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని చోట, అక్కడివాళ్లు అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాలని 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ గడువు మీరు దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది.